ఉద్యోగం లేనప్పుడు రోజంతా ఎటు పోతోంది?

[తెర మీద: పాత మిల్లు ఊరి నలుపు తెలుపు ఛాయాచిత్రాలు]

ఆస్ట్రియాలో వియన్నాకు దగ్గరగా మారియెంతాల్ అనే చిన్న ఊరు ఉంది. ఒకప్పుడు ఊరంతా ఒక్క బట్టల మిల్లు మీదే బతికేది. 1930 నాటికి ఆ మిల్లు మూతపడింది. 1931లో మేరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ మొదలైన పరిశోధకులు అక్కడికి వెళ్లి, పని పోయిన మనిషికి రోజు ఎలా గడుస్తుందో దగ్గరుండి చూశారు.

గంటగంటకూ ఏం చేశారో రాసిమ్మని కాగితాలు పంచారు. మగవాళ్ల కాగితాల్లో నిద్ర లేవడం, మధ్యాహ్న భోజనం, పడుకోవడం తప్ప చెప్పుకోదగ్గవి పెద్దగా లేవు. ఒకాయనైతే పొద్దుటి గంట ఎదురుగా ‘ఈలోగా మధ్యాహ్నం అవుతుంది’ అని రాశాడు. గ్రంథాలయంలో రుసుము ఎత్తేసినా, జనం తీసుకెళ్లే పుస్తకాలు దాదాపు సగానికి పడిపోయాయి. చదవడానికి మునుపెన్నడూ లేనంత తీరిక ఉన్నవాళ్లు మరి!

[తెర మీద: కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంటు. గోడ గడియారంలో పదిన్నర]

ఇప్పుడు హైదరాబాద్‌కు వద్దాం. మీరు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉద్యోగాల సైటు తెరిచారు. ‘ఖాళీగానే ఉన్నావుగా నాన్నా, గ్యాస్ అబ్బాయి వస్తాడు, కాస్త చూడు’ అంటుంది అమ్మ. సిలిండర్ దిగేసరికి నాన్నగారికి పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ గుర్తొస్తుంది. బండి మీద బ్యాంకుకు తీసుకెళ్తారు. అక్కడ టోకెన్ పట్టుకుని నిలబడి ఉండగా రిక్రూటర్ ఫోను. చుట్టూ కౌంటర్ల గోల. ‘అరగంటలో నేనే చేస్తానండీ’ అంటారు. మీరు చేసినప్పుడు అటువైపు ఎవరూ ఎత్తరు.

ఇందులో అమ్మ తప్పేమీ లేదు. ఆఫీసు ఉన్నన్నాళ్లూ మీ రోజుకు కంచె ఉండేది, అది వేరేవాళ్లు వేసినది. ఇప్పుడు మీరే వేసుకోవాలి, వేసుకున్నట్టు ఇంట్లో చెప్పాలి కూడా. ‘అమ్మా, తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా నేను ఇంట్లో లేననుకో. నాలుగు తర్వాత ఎక్కడికి పంపినా వెళ్తాను.’ ఇంత సూటిగా చెప్పాలి. రెండో వాక్యం మరిచిపోకండి, మొదటిదానికి విలువ వచ్చేది దానివల్లే.

[తెర మీద: కాగితం మీద పెన్నుతో రాస్తున్న గంటలు]

ఉద్యోగం వెతకడానికి రోజుకు మూడు గంటలేనా అని అడుగుతారు. అసలు పని చేస్తే మూడు గంటలకే తల వేడెక్కుతుంది. ప్రకటన పూర్తిగా చదవడం, దానికి తగ్గట్టు రెజ్యూమె మార్చడం, ఆ కంపెనీలో ఉన్న పాత సహోద్యోగి ఎవరో వెతికి పట్టుకుని రిఫరల్ అడగడం. ఇవన్నీ సరిగ్గా చేస్తే ఒక పూటకు మూడో నాలుగో దరఖాస్తులు వెళ్తాయి. మిగతా రోజంతా మనం చేసేది వెతకడం కాదు, ఎవరైనా ప్రొఫైల్ చూశారా అని పదేపదే తెరిచి చూడటం. దానికి సాయంత్రం ఓ పది నిమిషాలు చాలు. ఫోను మాత్రం ఆఫీసు వేళల్లో మోగేలా ఉంచండి.

తెల్లవారుజామున నాలుగింటికి లేవమని చెప్పే వీడియోలు యూట్యూబ్ నిండా ఉన్నాయి. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఏడింటికి లేచేవారైతే ఇప్పుడూ ఏడింటికే లేవండి. వారం తిరిగేసరికి పదింటికి జరగకుండా చూసుకుంటే చాలు.

మధ్యాహ్నం నేర్చుకోవడానికి. ఇక్కడ చాలామంది చేజేతులా చెడగొట్టుకుంటారు. క్లౌడ్ కోర్సు ఒకటి, డేటా కోర్సు ఒకటి, అమీర్‌పేటలో ఇంకేదో బ్యాచ్, ఏదీ సగం దాటదు. ఒక్కటే తీసుకోండి, దానితో చిన్నదైనా ఎదుటివారికి చూపించగలిగేది తయారు చేయండి. ‘ఈ ఆరు నెలలు ఏం చేశారు?’ అని ఇంటర్వ్యూలో తప్పకుండా అడుగుతారు. అప్పుడు కోర్సుల పేర్లు వల్లించడం కంటే చేసింది తెరిచి చూపించడం మేలు.

ఇంట్లో కుదరకపోతే బయటికి నడవండి. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి చూడండి, గ్రూప్ పరీక్షలకు చదివేవాళ్లతో కిటకిటలాడుతుంటుంది. పక్కన నలుగురు తల వంచుకుని చదువుతుంటే మనమూ ఫోను తీయడానికి కాస్త జంకుతాం.

[తెర మీద: వంటింటి గట్టు మీద తెరిచి ఉన్న ల్యాప్‌టాప్]

ఆడవాళ్ల సంగతి వేరు. మారియెంతాల్‌లోనూ అంతే. మిల్లు జీతం పోయింది గానీ ఇంటి చాకిరీ పోలేదు, వీధిలో మగవాళ్ల కంటే వాళ్లే త్వరత్వరగా నడిచేవారు. మన ఇళ్లలో కోడలి ఉద్యోగం పోతే, మరునాడే పనిమనిషిని మాన్పించే ఆలోచన వస్తుంది. ఖర్చు తగ్గుతుంది నిజమే, ఆ గంటలు ఎవరి ఖాతాలోంచి పోతున్నాయో కూడా లెక్క వేయాలి. మానిపించక తప్పకపోతే అంట్లు, బట్టలు భర్తతో పంచుకోండి. ఆ పొద్దుటి మూడు గంటలు మాత్రం వదులుకోవద్దు.

అమెరికాలో హెచ్1బి మీద ఉన్నవారికి ఈ పట్టిక పనికిరాదు. ఉద్యోగం ముగిశాక సాధారణంగా 60 రోజుల వరకే గడువు, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే పత్రం) గడువు అంతకుముందే ముగిస్తే అప్పటివరకే. కొత్త కంపెనీ పిటిషన్ దాఖలు చేయడానికి పట్టే రోజులూ అందులోనివే. కాబట్టి మొదటి వారమే వీసా లాయరుతో మాట్లాడండి. కోర్సులు, గ్రంథాలయాలు తర్వాత చూసుకోవచ్చు.

[తెర మీద: నోట్‌బుక్‌లో గీసిన నాలుగు వరుసలు]

చివరిగా ఒక నోట్‌బుక్. కంపెనీ, తేదీ, ఎవరి ద్వారా, ఏమన్నారు. రెండు వారాలైనా జవాబు లేకపోతే మర్యాదగా ఒకసారి గుర్తుచేసి, ఆ కంపెనీ పేరు కొట్టేయండి. నెల తర్వాత మూడో వరుస, అంటే ‘ఎవరి ద్వారా’ అన్నది మాత్రమే చదువుకుంటూ వెళ్లండి. పిలుపులు సైటు నుంచి వచ్చాయా, పాత స్నేహితుల ద్వారానా తెలిసిపోతుంది. వచ్చే సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు ముందు ఎవరికి ఫోను చేయాలో అక్కడే రాసి ఉంటుంది.