ఫోన్‌కి తెలివి లేదు, తెలివంతా పెట్టెలో ఉంది

నమస్కారం అండి. వెనక కూర్చున్నవాళ్ళు కాస్త ముందుకు జరగండి, ఇవాళ ఫోన్ పైభాగం కంటే అడుగుభాగమే ఎక్కువ చూపించబోతున్నా. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి కంప్యూటర్ గురించి, మెయిల్ గురించి రోజంతా చెప్తారు గానీ టేబుల్ మీదున్న వైరు ఫోన్ గురించి ఒక్క ముక్క చెప్పరు. అది అందరికీ వచ్చనుకుంటారు. సెల్‌తో పెరిగినవాళ్ళకి ఎలా వస్తుంది? రిసీవర్ ఎత్తగానే ఆగకుండా వచ్చే ఆ మోత, అదే డయల్ టోన్, విని, ఫోన్ పాడైందేమో అని పెట్టేసినవాళ్ళని నేను చూశాను. నవ్వకండి, మీలోనే ఉంటారు ఒకరిద్దరు.

ఈ ఫోన్‌కి సొంత తెలివి లేదు, ముందు అది గుర్తుపెట్టుకోండి. సెల్‌లో నంబరు మొత్తం కొట్టి, ఒకసారి చూసుకుని, అప్పుడు పచ్చ బటన్ నొక్కుతాం. ఇక్కడ ఒక్కో అంకె నొక్కుతుంటే ఒక్కో కూత అటు వెళ్తుంది, ఆ కూతలు విని ఎవరికి కలపాలో తేల్చేది ఫోన్ కాదు, రిసెప్షన్ వెనకాల గోడకి బిగించి ఉన్న ఈపీఏబీఎక్స్ పెట్టె, అంటే ఆఫీసు ఫోన్లన్నిటినీ ఒకదానితో ఒకటి, బయటి లైన్‌తోనూ కలిపే పెట్టె. కాబట్టి మీ ఎక్స్‌టెన్షన్ నంబరు, అంటే ఆఫీసు లోపల మిమ్మల్ని పిలిచే చిన్న నంబరు, కూడా ఫోన్‌లో ఉండదు, గోడ సాకెట్‌కి వచ్చిన జత వైర్లది ఆ నంబరు. సీటు మారినప్పుడు ఫోన్‌ని చంకలో పెట్టుకుని వెళ్ళిపోతారు కొందరు, కొత్త చోట పెట్టాక వాళ్ళ కాల్స్ రావు, పక్క సెక్షన్ వాళ్ళ కాల్స్ వస్తాయి. ఫోన్ తప్పేం లేదు.

బిగించడం చూద్దాం. రెండు వైర్లుంటాయి. స్ప్రింగులా చుట్టలు తిరిగింది రిసీవర్‌కి, దాని పిన్ను కాస్త సన్నం. సాదా వైరు గోడకి, దాని పిన్ను కాస్త వెడల్పు. సన్న పిన్ను వెడల్పు సాకెట్లో కూడా దూరుతుంది, అక్కడే తికమక, అది వదులుగా ఊగుతుంది, లోపలి తీగలు కూడా వంగిపోవచ్చు. సరైన చోట పెడితే 'టక్' మంటుంది. పిన్ను మీద చిన్న ప్లాస్టిక్ నాలుక ఉంటుంది, చూడండి, ఇది విరిగితే పిన్ను కొద్దికొద్దిగా బయటికి జారుతూ ఉంటుంది, మీరేమో లైన్‌లో గరగర అని కంప్లైంట్ రాస్తారు. గరగర వస్తే ముందు రిసీవర్ వైరుని చెవి దగ్గరే కాస్త కదిపి చూడండి. మోత మారిందంటే ఆ వైరు మార్చండి, పెద్ద ఖర్చేం కాదు. అసలు డయల్ టోనే లేకపోతే పక్క టేబుల్ ఫోన్ తెచ్చి మీ సాకెట్‌కి పెట్టండి. అది పనిచేస్తే మీ ఫోన్ పోయినట్టు, అది కూడా మూగదైతే లైన్ పోయినట్టు. టెక్నీషియన్‌ని పిలిచేముందు ఈ ఒక్క పని చేస్తే ఆయన సగం తిట్లు మీకు తప్పుతాయి. సాకెట్ మాత్రం విప్పకండి, మామూలుగా 48 వోల్టుల దాకానే ఉంటుంది గానీ రింగ్ వచ్చే క్షణంలో 75 దాటుతుంది, చెయ్యి జివ్వుమంటుంది.

పక్కనో అడుగునో రెండు చిన్న స్విచ్‌లుంటాయి. ఒకటి రింగ్ శబ్దానిది, తుడిచేటప్పుడు గుడ్డ తగిలి ఆఫ్‌లోకి జరిగిపోతుంది. రెండోది టోన్, పల్స్. అది ఎప్పుడూ టోన్‌లోనే, అంటే ఇందాక చెప్పిన కూతల పద్ధతిలోనే, ఉండాలి. పల్స్‌లో ఉంటే అంకె నొక్కినప్పుడు టకటక మని లైన్ తెగి కలుస్తుంది, పాత చక్రం ఫోన్ పద్ధతి అన్నమాట, 'తెలుగు కోసం ఒకటి నొక్కండి' అన్నప్పుడు మీరెంత నొక్కినా అవతల వినపడదు.

ఇక ట్రాన్స్‌ఫర్, అంటే మీకొచ్చిన కాల్‌ని ఇంకొకరికి కలపడం, ఆఫీసు పరువు పోయేది ఇక్కడే. ఫ్లాష్ అని బటన్ ఉంది కదా, అది చేసేది లైన్‌ని రెప్పపాటు తెంపి మళ్ళీ కలపడం, అంతే. ఆ చిన్న తెగుడు చూసి పెట్టె 'వీళ్ళకి ఇంకెవరితోనో పని ఉంది' అనుకుని బయటి మనిషిని ఆపి ఉంచి మీకు డయల్ టోన్ ఇస్తుంది. ఎక్స్‌టెన్షన్ కొట్టండి, అవతల ఎత్తేదాకా ఆగండి, 'సార్, ఫలానా వారు బిల్లు గురించి' అని చెప్పండి, అప్పుడు పెట్టేయండి. ఎత్తకపోతే చాలా పెట్టెల్లో మళ్ళీ ఫ్లాష్ నొక్కితే మొదటి మనిషి వెనక్కి వస్తారు. తెగుడు మరీ ఎక్కువసేపైతే మీరు ఫోన్ పెట్టేశారనుకుని ఆ పెట్టె కాల్ కట్ చేస్తుంది, మరీ తక్కువైతే అసలు పట్టించుకోదు. అందుకే కొన్ని ఫోన్లలో 100, 600 మిల్లీసెకన్లు అని ఎంచుకునే వీలుంటుంది. రిసీవర్ పెట్టే మీటని వేలితో కొట్టే సీనియర్లుంటారు, వాళ్ళ అలవాటు వాళ్ళది, మీరు బటన్ నొక్కండి.

బయటికి చేయాలంటే ముందు పెట్టె నుంచి బయటి లైన్ తీసుకోవాలి, మన దగ్గర అందుకు 0 కొట్టాలి. ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కి చేస్తే నంబరుకి ముందు 0 కొట్టాలని 2021 జనవరి 15 నుంచి రూలు. అంటే పెట్టె కోసం ఒక 0, రూలు కోసం ఇంకో 0, ఆ తర్వాత పది అంకెలు. కంగారులో ఎమర్జెన్సీ నంబరు 112 కొట్టాల్సి వస్తే కూడా మన పెట్టెకి ముందు 0 కావాలి, ఇది ఫోన్ మీద స్టిక్కర్ వేసి పెట్టుకోండి, టెన్షన్‌లో ఎవరికీ గుర్తుండదు.

కరెంటు పోయినా ల్యాండ్‌లైన్ పనిచేస్తుందని పెద్దవాళ్ళు చెప్పేది నిజమే, రాగి తీగలో కరెంటు ఎక్స్చేంజి బ్యాటరీ నుంచే వచ్చేది. ఇప్పుడు చాలాచోట్ల లైన్ ఫైబర్‌లో వస్తోంది, అక్కడ మోడెమ్‌కీ పెట్టెకీ యూపీఎస్ లేకపోతే ఫోన్లన్నీ మూగబోతాయి.

పై అంతస్తులో ఉన్నవి ఐపీ ఫోన్లు, అంటే కంప్యూటర్ నెట్ వైరు మీద పనిచేసేవి, వాటి కథ తిరగేసి ఉంటుంది, అక్కడ నంబరు ఫోన్‌తోనే వస్తుంది. వాటి వెనక రెండు సాకెట్లుంటాయి, ఒకటి గోడకి, కంప్యూటర్ బొమ్మ ఉన్నది మీ కంప్యూటర్‌కి. రెండూ గోడకే పెడితే ఒక్కోసారి ఫ్లోర్ అంతా నెట్ పడిపోతుంది, ఎవరు చేశారో వెతకడానికి మధ్యాహ్నం అయిపోతుంది.

సరే, ఇద్దరిద్దరు రండి. ఒకరు 21 నుంచి చేయండి, రెండోవారు ఎత్తి 24కి ట్రాన్స్‌ఫర్ చేయండి, 24 దగ్గర నేనుంటాను.