వద్దనుకుంటే ఏమవుతుంది? హిజాబ్‌పై భిన్నాభిప్రాయాలు

సభకు నమస్కారం.

హిజాబ్ గురించి మాట్లాడటానికి లేచినవారిని నోరు తెరవకముందే నువ్వు ఏ పక్షమని అడిగే రోజులివి. నా పక్షమేదో నేను దాచుకోను. అయితే ముందుగా మాటల విషయం తేల్చుకుందాం, ఎందుకంటే ఈ వాదంలో సగం గందరగోళం మాటల దగ్గరే పుడుతోంది. బురఖా ఒళ్లంతా కప్పుతుంది, నిఖాబ్ కళ్లు మాత్రం వదిలి ముఖాన్ని కప్పుతుంది, హిజాబ్ తలనూ మెడనూ మాత్రమే కప్పుతుంది. జుట్టు జారకుండా లోపల ఒక బిగుతైన టోపీ, దాని మీద పొడవాటి గుడ్డ, ఆ గుడ్డ కొసను గడ్డం కిందుగా తిప్పి రెండో వైపు తెచ్చి పెట్టే ఒక పిన్ను, ఇంతే హిజాబంటే. అలవాటైన చేతికి అద్దం కూడా అక్కర్లేదు. ముఖం కనపడకపోతే మనిషిని గుర్తుపట్టేదెలా అన్న ప్రశ్న నిఖాబ్‌ను ఉద్దేశించి అడిగితే దానికో అర్థముంది. హిజాబ్ కట్టుకున్న అమ్మాయిని అదే ప్రశ్న అడిగేవారు ఆమె ముఖం వైపు ఒక్కసారైనా చూశారా అని నాకు అనుమానం.

ఖురాన్‌లో ‘హిజాబ్’ అనే మాట తలగుడ్డ అనే అర్థంలో రాదు. అది తెర, అడ్డు అనే అర్థంలో వస్తుంది. 33వ సూరా అంటే అధ్యాయం, 53వ ఆయతు అంటే వాక్యంలో ప్రవక్త భార్యలను ఏదైనా అడగవలసి వస్తే తెర వెనుక నుంచి అడగమని చెప్పిన చోట ఉన్నది ఈ మాటే. స్త్రీల దుస్తుల గురించి ప్రధానంగా చెప్పే 24వ సూరా 31వ ఆయతులో వాడిన మాట ‘ఖిమార్’. ఆ వస్త్రాన్ని వక్షస్థలం మీదికి వేసుకోవాలని అక్కడ ఉంది. దానికి సరిగ్గా ముందున్న ఆయతు మగవారిని చూపు దించుకోమని ఆదేశిస్తుంది. ఈ వరుసను గమనించిన ఉపన్యాసకులు మన చుట్టూ ఎక్కువమంది లేరని మాత్రం ఇక్కడ అనకుండా ఉండలేను.

ఖిమార్ అంటేనే తలను కప్పే వస్త్రం కాబట్టి జుట్టు కప్పుకోవడం విధి అన్నది సంప్రదాయ న్యాయ పండితుల మాట. సున్నీలలోని నాలుగు మజ్‌హబ్‌లూ, అంటే న్యాయ సంప్రదాయాలూ, దీన్నే చెబుతున్నాయి. ఆధునిక వ్యాఖ్యాతల్లో కొందరు దీనికి ఒప్పుకోరు. ఆ కాలపు స్త్రీలకు తలగుడ్డ అప్పటికే అలవాటనీ, ఆదేశం వక్షస్థలం గురించేననీ, దాని వెనకున్న హుందాతనాన్ని ఏ కాలంలోనైనా ఆ కాలానికి తగిన దుస్తులతో పాటించవచ్చనీ వారంటారు. మత గ్రంథాన్ని విశ్వసించేవారి మధ్యనే ఈ చర్చ నడుస్తోందన్న సంగతి బయట నిలబడి తీర్పు చెప్పేవారికి చాలాసార్లు తెలియదు.

ఇక వేసుకునే స్త్రీల మాట చూద్దాం. ఒకరికది ప్రార్థన లాంటిది, మరొకరికి వలస వెళ్లిన దేశంలో తన గుర్తింపు, ఇంకొకరికి అమ్మ వేసుకునేది గనుక వచ్చిన అలవాటు. ఇంట్లోవాళ్లు చదువుకోవడానికి పట్నం పంపాలంటే దీనికి ఒప్పుకోక తప్పని అమ్మాయిలూ ఉన్నారు. ఇలాంటి ఒక సభ ముగిశాక ఓ విద్యార్థిని నా దగ్గరికి వచ్చి, “ఎందుకు వేసుకున్నావని అందరూ అడుగుతారండీ, మీరూ అదే అడిగారు. మా క్లాసులో జీన్స్ వేసుకున్న పిల్లను ఎవరూ అడగరు” అంది. నిజమే, అడిగాను. ఆ తర్వాత ఆ ప్రశ్న అడగడం మానేశాను.

ఎదుటి వాదాన్ని కూడా దాని పూర్తి బలంతో వినాలి. మగవాడి చూపుకు ఆడదాని జుట్టును బాధ్యురాలిని చేసే ఆలోచనలోనే అన్యాయముందనీ, ఊహ తెలియని వయసులో పిల్ల తలకు కట్టిన గుడ్డను ఆ తర్వాత ఆమె ఇష్టం అని పిలవడం మోసమనీ అనేవారిలో ముస్లిం కుటుంబాల్లో పుట్టి పెరిగిన స్త్రీలే ఎందరో ఉన్నారు. వారిని మతద్వేషులని కొట్టిపారేయడం, హిజాబ్ వేసుకున్నవారిని బానిసలని జాలిపడటం నా దృష్టిలో ఒకే కోవకు చెందిన పనులు. రెండు చోట్లా ఆ స్త్రీ చెబుతున్నది వినాల్సిన పని తప్పిపోతోంది.

ఈ జాలికి పాత చరిత్ర ఉంది. 1883 నుంచి 1907 దాకా ఈజిప్టులో బ్రిటిష్ ప్రతినిధిగా పెత్తనం చేసిన లార్డ్ క్రోమర్, ముసుగు వల్లనే ఆ దేశపు స్త్రీలు వెనకబడిపోయారని వాపోయాడు. అదే పెద్దమనిషి స్వదేశానికి తిరిగివెళ్లి, ఇంగ్లండులో స్త్రీలకు ఓటుహక్కు ఇవ్వరాదని పోరాడే పురుషుల సంఘానికి నాయకుడయ్యాడు. 1958 మే నెలలో అల్జీరియాలో ఫ్రెంచి పాలకుల ప్రాపకంలో స్త్రీల ముసుగులు తీయించే బహిరంగ కార్యక్రమాలు జరిగాయి, స్వాతంత్ర్య యుద్ధం నడుస్తున్న రోజుల్లో. అలాంటి చోట ముసుగు వేసుకోవడమే ధిక్కారమైందంటే వింతేముంది? అలాగని ముసుగు తీయడమంతా పరాయి పాలకుల పనేనని కూడా అనలేం. 1923లో రోమ్‌లోని అంతర్జాతీయ మహిళా సదస్సు నుంచి తిరిగివచ్చిన హుదా షారావీ, కైరో రైల్వే స్టేషనులో తన ముఖం మీది ముసుగును తానే తొలగించింది. బ్రిటిష్ పాలనకు వ్యతిరేకంగా స్త్రీలను వీధుల్లోకి నడిపించిన మనిషి ఆమె. ఆమె తీసింది ముఖం మీది ముసుగును, తలగుడ్డను కాదు.

ఇరాన్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. అక్కడి రాజు రెజా షా 1936 జనవరిలో ముసుగును నిషేధించాడు. పోలీసులు వీధుల్లో స్త్రీల తలల మీద గుడ్డ లాగేశారు. ఆ అవమానానికి జడిసి ఎందరో గడప దాటడం మానేశారు. 1979 విప్లవంలో, అతని కొడుకైన అప్పటి రాజు మీద కోపంతో, అంతకుముందు తల కప్పుకోని స్త్రీలు కూడా తల నుంచి ఒళ్లంతా కప్పే చాదర్ వేసుకుని ఊరేగింపుల్లో నడిచారు. కొత్త ప్రభుత్వం రాగానే హిజాబ్ తప్పనిసరన్న మాట పుట్టింది. ఆ మార్చి 8న వేలాదిమంది స్త్రీలు టెహ్రాన్ వీధుల్లో దాన్ని వ్యతిరేకించారు. అయినా 1983 నాటికి తల కప్పుకోని స్త్రీకి కొరడా దెబ్బలు శిక్షగా చట్టంలోకి ఎక్కాయి. 2022 సెప్టెంబరులో, హిజాబ్ సరిగా లేదని పోలీసులు పట్టుకెళ్లిన 22 ఏళ్ల మహ్సా అమీనీ నిర్బంధంలో స్పృహతప్పి ఆస్పత్రిలో చనిపోయింది. ఆ ఆగ్రహం నెలల తరబడి దేశాన్ని ఊపేసింది. ఒకే ఇంటిలో ఒక ముసలావిడను, ఆమె మునిమనవరాలిని ఊహించుకోండి. తలగుడ్డ లాగేస్తారేమోనన్న భయంతో ఒకామె ఇంట్లో కూర్చుంది, తలగుడ్డ జారితే పట్టుకెళ్తారేమోనన్న భయంతో రెండో ఆమె బయట నడుస్తోంది.

నేను మొదట దాచుకోనన్న పక్షం ఇక్కడ చెబుతాను. హిజాబ్ స్వేచ్ఛా, లేక బానిసత్వమా అనే ప్రశ్నకు గుడ్డను ఎంత పరీక్షించినా జవాబు దొరకదు. ఎందుకు వేసుకుందన్న ప్రశ్నకూ ఒక్క జవాబు ఉండదు, మన దుస్తుల్లో వేటినీ మనం ఒక్క కారణంతో ఎంచుకోం గనుక. నేను అడగమనే ప్రశ్న వేరు: రేపు ఆమె మనసు మార్చుకుంటే ఆమెకు ఏమవుతుంది? తీసేద్దామనుకుంటే ఇంట్లో అన్నం పెడతారా, చదువు మాన్పిస్తారా, పోలీసు వస్తాడా? వేసుకుందామనుకుంటే బడి గేటు తెరుస్తారా, ఉద్యోగం ఉంటుందా? మనసు మార్చుకోవడానికి చెల్లించాల్సిన మూల్యం ఎంత తక్కువగా ఉంటే ఆ ఎంపిక అంత ఆమెది. ఇందులో అన్నిటికన్నా కష్టమైనది కుటుంబం మాట. అది చట్టానికి కనిపించదు, అందేదీ కాదు. ప్రభుత్వ నిషేధంతో కుటుంబ ఒత్తిడిని తొలగించగలమన్న ఆశ నాకు లేదు, ఎందుకంటే ఆ రెంటి మధ్య ఇరుక్కున్న పిల్ల మొదట పోగొట్టుకునేది చదువునే.

ఫ్రాన్స్ 2004 మార్చి 15 నాటి చట్టంతో ప్రభుత్వ బడుల్లో కొట్టొచ్చినట్టు కనిపించే మతచిహ్నాలను నిషేధించింది. సిక్కు పిల్లల తలపాగా, యూదు పిల్లల టోపీ కూడా అందులోకి వచ్చాయి. బడిలో పిల్లలందరూ ముందు పౌరులే అన్న ఆ వాదం అల్పమైనది కాదు, తోటి పిల్లల ఒత్తిడి నుంచి కొందరు బాలికలకు అది రక్షణగా తోచింది కూడా. మన దేశంలో విద్యాసంస్థల్లో యూనిఫాం గురించి కర్ణాటక ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు విషయంలో అక్కడి హైకోర్టు 2022 మార్చి 15న, హిజాబ్ ఇస్లాంలో తప్పనిసరి మతాచారం కాదని చెప్పి యూనిఫాం నిబంధనను సమర్థించింది. అదే ఏడాది అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు రెండు తీర్పులిచ్చారు. జస్టిస్ హేమంత్ గుప్తా అప్పీళ్లను కొట్టేశారు. జస్టిస్ సుధాంశు ధూలియా మాత్రం ఇది అంతిమంగా ఇష్టానికి సంబంధించిన విషయమేననీ, ఈ ఆంక్షతో ఆడపిల్ల జీవితాన్ని మనం ఏమైనా బాగు చేస్తున్నామా అనీ అడిగారు. ఏది తప్పనిసరి ఆచారమో కోర్టులు తేల్చడం 1954 నాటి శిరూర్ మఠం కేసు నుంచి నడుస్తున్న పద్ధతి. ధర్మశాస్త్ర పరీక్ష పెట్టి పౌరహక్కు నిర్ణయించే ఆ తోవ నాకెప్పుడూ రుచించలేదు.

చివరిగా ఒక కేసు. 1998 ఫిబ్రవరిలో ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయం తలగుడ్డతో వచ్చేవారిని తరగతులకూ పరీక్షలకూ రానివ్వరాదని సర్క్యులర్ పంపింది. లేలా షాహిన్ అప్పుడు వైద్యవిద్య ఐదో సంవత్సరంలో ఉంది. మార్చిలో ఆంకాలజీ పరీక్షకు వెళితే లోపలికి రానివ్వలేదు. ఆమె యూరప్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లింది. 2005 నవంబరు 10న అక్కడి పదిహేడుగురు న్యాయమూర్తుల్లో పదహారుగురు విశ్వవిద్యాలయం వైపు నిలిచారు. బెల్జియం న్యాయమూర్తి ఫ్రాన్స్వాజ్ తుల్కెన్స్ ఒక్కరే విభేదించి, ఈ చర్చలో లోపించింది స్త్రీల అభిప్రాయమేనని అన్నారు. 2013లో టర్కీ ప్రభుత్వ ఉద్యోగినుల మీద తలగుడ్డ నిషేధాన్ని చాలావరకు ఎత్తేసింది, ఆ అక్టోబరు ఆఖరున నలుగురు మహిళా సభ్యులు తలగుడ్డలతో పార్లమెంటులో కూర్చున్నారు. షాహిన్ మాత్రం తీర్పు కోసం ఆగలేదు. 1999లోనే వియన్నా వెళ్లి, అక్కడి విశ్వవిద్యాలయంలో తలగుడ్డతోనే తన చదువును కొనసాగించింది.