రగ్గులు ఉండీ చలికి వణికిన మనిషి

శ్రోతలకు నమస్కారం.

డిసెంబరు 22న గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ పుట్టినరోజు. బడుల్లో గణిత దినోత్సవం జరుపుతారు, పిల్లలు ఆయన పేరుతో ముడిపడిన 1729 అనే సంఖ్య కథ చెబుతారు. ఈ పూట నేను లెక్కల జోలికి పోను. ఇంగ్లండులో ఆయన గడిపిన శీతాకాలాల గురించి చెబుతాను. ఎందుకంటే మన ఇళ్లనుంచి వెళ్లిన పిల్లలు ఎందరో ఇప్పుడు అలాంటి చలిలోనే, ఎవరికీ చెప్పుకోకుండా రోజులు నెట్టుకొస్తున్నారు.

1914 మార్చిలో మద్రాసులో ఓడ ఎక్కేనాటికి రామానుజన్‌కు 26 ఏళ్లు. భార్య, తల్లి ఇక్కడే ఉండిపోయారు. ఆయన కేంబ్రిడ్జి చేరిన కొద్ది నెలలకే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. శాకాహారి కావడంతో తన వంట తానే వండుకునేవారు. యుద్ధంతో పాలు, కూరగాయలు దొరకడమూ కష్టమైంది. డిసెంబరులో అక్కడ పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. నాలుగు కొట్టేలోపే సూర్యుడు అస్తమిస్తాడు. మన దక్షిణాది ఎండలో పెరిగిన మనిషికి అదెలా ఉంటుందో ఊహించుకోండి.

అప్పుడు కేంబ్రిడ్జిలోనే చదువుతున్న ప్రశాంత చంద్ర మహలనోబిస్, తర్వాతి కాలంలో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించిన ఆయనే, ఒకరోజు రామానుజన్ గదికి వెళ్లారు. రాత్రిళ్లు చలిగా లేదా అని అడిగారు. ఓవర్‌కోటు వేసుకుని, శాలువా కప్పుకుని పడుకుంటున్నానన్నారు రామానుజన్. రగ్గులు సరిపోవడం లేదేమోనని మహలనోబిస్ పడకగదిలోకి వెళ్లి చూశారు. కావలసినన్ని రగ్గులున్నాయి. వాటి అంచులు పరుపు కిందికి బిగుతుగా దోపి, పైన ఒక పల్చటి దుప్పటి పరిచి ఉంది. ఆ రగ్గులు ఎత్తి లోపలికి దూరాలని రామానుజన్‌కు తెలియదు. పై దుప్పటి ఒక్కటే కప్పుకుని వణుకుతున్నారు. ఎలా పడుకోవాలో మహలనోబిస్ చూపిస్తే ఆయన ఎంతో కదిలిపోయారట.

ఎంత గొప్ప మేధావో మనందరికీ తెలుసు. అయినా ఇది ఎవరూ చెప్పలేదు, ఆయన ఎవరినీ అడగలేదు. అలా అడగలేకపోవడమే నన్ను ఎక్కువగా బాధపెడుతుంది.

కొత్త చోట మనసు ఎంత సున్నితంగా మారుతుందో చూపే సంగతి ఇంకోటి ఉంది. ఒకసారి ఆయన స్నేహితులను భోజనానికి పిలిచి స్వయంగా వండి వడ్డించారు. మూడోసారి చారు పోయబోతే, వచ్చిన ఆడవాళ్లు ఇక చాలన్నారు. కాసేపటికి చూస్తే రామానుజన్ ఇంట్లో లేరు. కొన్ని రోజుల తర్వాత ఆక్స్‌ఫర్డ్ నుంచి టెలిగ్రాం వచ్చింది. తన చేతి వంట వద్దన్నారని మనసు కష్టపడి వెళ్లిపోయారు. మన ఊళ్లో అయితే నవ్వేసి ఊరుకునే మాట అది.

1917లో జబ్బుపడ్డారు. క్షయ అనుకున్నారు డాక్టర్లు. ఆస్పత్రులు, శానిటోరియంలు తిరిగారు. ఆ రోజుల్లో క్షయ రోగులను తెరిచిన గదుల్లో, చల్లగాలిలో ఉంచేవారు. అలాంటి ఒక చోటు నుంచి తనను కేంబ్రిడ్జికి పిలిపించిన గణిత ప్రొఫెసర్ హార్డీకి రాసిన ఉత్తరం నాకు మరపు రాదు. గదిలో చలి కాచుకోవడానికి నిప్పు వేయనివ్వడం లేదని, చలికి వణికిపోతున్నానని రాశారు. స్నానాల గదులు మాత్రం వెచ్చగా ఉన్నాయట. రోజూ కలం, కాగితం పట్టుకుని ఓ గంట అక్కడ కూర్చుని పని చేస్తానని రాశారు.

1918 మొదట్లో ఒకరోజు ఆ ఓపిక కూడా అయిపోయింది. ప్రాణం తీసుకోబోయారు. అదృష్టవశాత్తూ బతికారు. అప్పటి ఇంగ్లండులో అది నేరం. హార్డీ పూనుకుని ఆయనను కేసు నుంచి తప్పించారు. దీనికి చలి ఒక్కటే కారణమని నేననను. జబ్బు, యుద్ధం, ఇంటినుంచి రాని ఉత్తరాలు, ఒంటరితనం అన్నీ కలిశాయి. అదే ఏడాది మే నెలలో ఆయన ఇంగ్లండులో పేరున్న శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి ఫెలో అయ్యారు. 1920 జనవరిలో, మద్రాసు నుంచి, మాక్ తీటా ఫంక్షన్లు అనే కొత్త రకం గణిత ప్రమేయాల గురించి హార్డీకి రాశారు. గణితజ్ఞులు ఇప్పటికీ వాటిమీద పని చేస్తూనే ఉన్నారు. ఆ రోజు ఆయన పోయి ఉంటే అవేవీ మనకు దక్కేవి కావు.

ఇప్పుడు మన పిల్లల సంగతికి వస్తాను. డిసెంబరులో షికాగోలో సాయంత్రం నాలుగుంపావు దాటగానే పొద్దుగూకుతుంది. వెలుతురు తగ్గితే కొందరికి నిజంగానే దిగులు వ్యాధిలా పట్టుకుంటుంది. జోహన్నెస్‌బర్గ్ నుంచి న్యూయార్క్ వెళ్లిన నార్మన్ రోసెంతాల్ అనే డాక్టర్ చలికాలంలో తన ఒంట్లోనే ఆ మార్పు గమనించారు. తోటి పరిశోధకులతో కలిసి 1984లో ఆ వ్యాధి గురించి ప్రచురించారు. దానికి చికిత్స ఉంది. పొద్దున్నే అరగంట ప్రత్యేకమైన దీపపు కాంతిలో కూర్చోబెడతారు, అవసరమైతే మందులిస్తారు. డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టాలి. పొద్దున లేవగానే బయటి వెలుగులో కాసేపు నడిచినా కొంత మేలు.

అమ్మలూ, నాన్నలూ, ఫోన్‌లో “బాగున్నావా” అంటే “ఆ, బాగున్నా” అనే జవాబే వస్తుంది. అప్పు చేసి పంపారు, మళ్లీ మీకు టెన్షన్ ఎందుకని వాళ్లు దాస్తారు. విడివిడిగా అడగండి. గదిలో హీటర్ పనిచేస్తోందా? ఇవాళ ఎవరితో కలిసి తిన్నావు? బయటికి వెళ్లి ఎన్ని రోజులైంది? షికాగోలో చీకటిపడి బెంగ మొదలయ్యే వేళకు మనకు తెల్లవారుజాము నాలుగు. మిమ్మల్ని నిద్ర లేపడం ఇష్టంలేక వాళ్లు ఫోన్ పక్కన పెట్టేస్తారు. ఏ వేళకైనా చెయ్యి, ఎత్తుతామని ఈ రాత్రే చెప్పండి.

ఈ మాటలు వింటున్నవారిలో బతకాలని లేదనిపిస్తున్నవాళ్లు ఉంటే, ఒంటరిగా ఉండకండి. మన దేశంలో మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయం టెలీమానస్, నంబరు 14416. ఏ వేళైనా, తెలుగులోనే మాట్లాడొచ్చు. అమెరికాలో, కెనడాలో అయితే 988. మళ్లీ చెబుతున్నాను, రాసుకోండి: ఇక్కడ 14416, అక్కడ 988.

నమస్కారం.