బ్యాంకాక్‌లో ఒక్క మిరపకాయ చాలు

హోస్ట్: అక్కా, గుంటూరోళ్ళకి బ్యాంకాక్ కారం గురించి జాగ్రత్తలు చెప్పాలా? మిర్చి యార్డు ఘాటు పీల్చి పెరిగినోళ్ళం!

అక్క: అక్కడే బోల్తా పడతారు తమ్ముడూ. మన సన్నం మిర్చి ఎండి, కారమై, నూనెలో మగ్గాక గానీ నోటికి రాదు. వాళ్ళ ప్రిక్ ఖీ ను కాయ బుల్లిది, ఘాటు మన సన్నం కన్నా ఎక్కువ, పైగా పచ్చిదే పడుతుంది. సోమ్ తమ్, అంటే పచ్చిబొప్పాయి సలాడ్, అమ్మే బండి దగ్గర చూడండి. మట్టి రోలు, కర్ర రోకలి. ముందు వెల్లుల్లి, మిరపకాయలు. ఆ తర్వాత తాటిబెల్లం, అలసంద కాయలు, టమాటా, ఎండురొయ్యలు, చేప సాసు, నిమ్మరసం. ఆఖర్న పచ్చిబొప్పాయి తురుము వేసి, ఒక చేత్తో గరిటెతో తిరగేస్తూ రెండో చేత్తో మెల్లగా కుమ్ముతారు. గట్టిగా దంచితే నీరొదిలి కరకర పోతుంది. మిరపకాయలు రోట్లో పడకముందే ‘ప్రిక్ మెట్ దియావ్’ అనాలి, అంటే ఒక్క కాయే. దంచాక చెప్పి లాభం లేదు.

హోస్ట్: మరి శాకాహారులో?

అక్క: మాంసం వద్దంటే ముక్కలు తీసేస్తారు, చేప సాసు మాత్రం ఉండిపోతుంది. పసుపు జెండా మీద ఎర్రగా 17 అంకెలా కనిపించే అక్షరాల కోసం చూడండి. అది ‘జే’ తిండికి గుర్తు. మాంసం, గుడ్డు, పాలు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ ఉండవు. కార్తీకమాసం వాళ్ళకీ ఢోకా లేదు.

హోస్ట్: షాపింగ్?

అక్క: శని, ఆదివారాల్లో చాటుచాక్ మార్కెట్. 27 సెక్షన్లు. బీటీఎస్ అనే స్కైట్రైన్‌లో మో చిట్ స్టేషన్ దగ్గర దిగండి. ఏదైనా నచ్చితే అప్పుడే కొనేయండి. బెజవాడ బీసెంట్ రోడ్డులోలా ‘ఓ రౌండేసి వద్దాం’ అంటే ఆ కొట్టు మళ్ళీ దొరకదు. లేదంటే కొట్టు మీది సెక్షన్, సోయి (సందు) నంబర్లు ఫోటో తీసుకోండి. బేరం ఒకే కొట్లో రెండు మూడు కొంటేనే దిగుతుంది.

హోస్ట్: చూడాల్సినవి?

అక్క: వాట్ ఫో గుడిలో శయన బుద్ధుడు, 46 మీటర్లు. అందరూ ముఖం ఫోటో తీసుకుని వచ్చేస్తారు. పాదాల దగ్గర ఆగండి. అరికాళ్ళలో ముత్యపుచిప్పతో పొదిగిన 108 మంగళ చిహ్నాలున్నాయి. అక్కణ్ణుంచి థా తియెన్ రేవులో పడవెక్కితే ఎదురొడ్డునే వాట్ అరుణ్ గుడి.

హోస్ట్: గ్రాండ్ ప్యాలెస్?

అక్క: భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. దారిలో ఎవడో ‘ఇవాళ మూసేశారు, టుక్‌టుక్‌లో వేరే గుడి చూపిస్తా’ అంటే ఎక్కకండి, తేలేది రత్నాల కొట్లో. కౌంటరు దాకా నడవండి. టికెట్లు మధ్యాహ్నం మూడున్నర దాకా ఇస్తారు.