చర్మం మీదే ఆగవలసిన మందు

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపక మిత్రులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. ప్రపంచ ఫార్మసిస్టుల దినోత్సవం పేరిట హనుమకొండలో మీ అందరి ముందు నిలబడే అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞుణ్ణి. పరిచయంలో నా గురించి చెప్పిన మాటల్లో సగం తీసివేసి వినండి.

నాకు ఇచ్చిన అంశం మైక్రోస్పాంజ్‌లు. అంటే మందును తమ రంధ్రాలలో పట్టి ఉంచుకొని కొద్దికొద్దిగా విడిచిపెట్టే పాలిమర్ గోళాలు. 1987లో రిచర్డ్ వాన్ పేరిట అమెరికాలో వీటికి పేటెంటు లభించింది. వీటి పరిమాణం 5 నుంచి 300 మైక్రాన్ల వరకు ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). 25 మైక్రాన్ల గోళం ఒక్కదానిలోనే 2,50,000 వరకు రంధ్రాలు ఉండవచ్చు. తయారీ పద్ధతి మీకు కంఠతా వచ్చు: యూడ్రాజిట్, ఇథైల్ సెల్యులోజ్ వంటి పాలిమర్‌ను మందుతో కలిపి డైక్లోరోమీథేన్ అనే ద్రావణిలో కరిగించి, పాలీవినైల్ ఆల్కహాల్ కలిపిన నీటిలో పోస్తూ తిప్పుతారు, ద్రావణి బయటికి వెళ్లిపోగా గోళాలు గట్టిపడి రంధ్రాలు మిగులుతాయి. అందుచేత దాని మీద కాలయాపన చేయను.

నేను చెప్పదలచినది వేరే ఉంది. ఈ గోళాలు చర్మంలోకి చొచ్చుకుపోయి మందును లోపలికి మోసుకెళతాయని ప్రాజెక్టు రిపోర్టులలో పదే పదే రాస్తున్నారు. అది పొరపాటు. చర్మపు పైపొర అయిన స్ట్రాటమ్ కార్నియమ్ మందమే సుమారు 10 నుంచి 20 మైక్రాన్లు. అంతటి గోళం దానిలోకి ఎలా దూరుతుంది? అది పైనే ఉండిపోతుంది, ఉండిపోవాలి కూడా. చెమట, వేడి, రుద్దుడు తగిలినప్పుడు మందు మెల్లగా బయటికి వస్తుంది. మొటిమలకు వాడే ట్రెటినాయిన్ ఒక్కసారిగా చర్మానికి అందితే ఎర్రబారుతుంది, మంట పుడుతుంది, పొట్టు లేస్తుంది. అందుకే దానిని ఇటువంటి గోళాలలో ఉంచిన జెల్‌కు 1997లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది.

ఒక్కసారిగా అందడమంటే ఏమిటో మన వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వెళితే తెలుస్తుంది. తేజ రకం మిర్చికి తొడిమలు తీసే ఆడవాళ్లను అడగండి. చేతులు నీళ్లతో ఎంత కడిగినా మంట పోదు; కాసింత నూనె రాసుకొని తుడుచుకుంటే కొంత నయం. మిర్చిలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది, కనుక పైపొరలోని కొవ్వు పదార్థంలోకి చేరి అక్కడే తిష్ఠ వేస్తుంది. అదే క్యాప్సైసిన్‌ను నరాల నొప్పికి 0.025, 0.075 శాతం క్రీములుగా వాడుతున్నారు. మంట భరించలేక మానేసేవారూ ఉన్నారు. అది అందే వేగాన్ని అదుపు చేయడం మన ఊరి విద్యార్థి చేపట్టదగిన పని కాదా?

ఇక నా ఫిర్యాదు. ఒక కళాశాలలో, పేరు అనవసరం, వైవాకు పరీక్షకుడిగా వెళ్లాను. ఒక అబ్బాయి గోళాల నుంచి పన్నెండు గంటల్లో మందు విడుదలైన తీరు చూపే గ్రాఫును చక్కగా గీసుకొచ్చాడు. “ఏ పొర మీద చేశావు బాబూ?” అని అడిగాను. “డయాలసిస్ పొర మీద సార్.” “మరి చర్మం?” “టైం దొరకలేదు సార్.” పక్కన ఉన్న గైడ్ గారు నవ్వి ఊరుకున్నారు. నాకు నవ్వు రాలేదు. డయాలసిస్ పొర కృత్రిమమైన పలుచని పొర; దానిలో స్ట్రాటమ్ కార్నియమ్ లేదు, కొవ్వు లేదు. గోళం నుంచి మందు ఎంత వదులుతుందో అది చెప్పగలదు కానీ, చర్మంలో ఎంత నిలుస్తుందో ఎన్నటికీ చెప్పలేదు. అంతకంటె విచిత్రం, ఫ్రాంజ్ సెల్ (పొరను మధ్యలో బిగించి, పైన వేసిన మందు కిందికి ఎంత దిగిందో కొలిచే పరికరం) కింది గదిలోని ద్రవంలోకి మందు ఎంత ఎక్కువ దిగితే అంత విజయమని ఆ అబ్బాయి నిర్ధారణలో రాశాడు. అయ్యా, చర్మానికి అంటించే ప్యాచ్ ద్వారా రక్తంలోకి పంపవలసిన మందుకు అది విజయం. మొటిమల మందుకు అది వైఫల్యం!

దయచేసి ఒక పని చేయండి. పంది చెవి చర్మం పరిశోధనలో మానవ చర్మానికి ప్రత్యామ్నాయంగా ఎప్పటినుంచో వాడుకలో ఉంది. దానిని ఫ్రాంజ్ సెల్‌లో బిగించి, చర్మపు ఉపరితలం 32 డిగ్రీల వద్ద ఉండేటట్లు చూసి, ప్రయోగం ముగిశాక మందును మూడు చోట్ల విడివిడిగా కొలవండి: పైన మిగిలినది, చర్మంలో నిలిచినది, కిందికి దిగినది. మూడూ కలిపితే మీరు వేసిన మోతాదుకు దగ్గరగా రావాలి. రాకపోతే ఎక్కడో పోయినట్టే. మే నెలలో వరంగల్ ఎండకు పొలంలో పనిచేసేవారి చర్మం 32 డిగ్రీల దగ్గర ఆగదు కనుక, 38 డిగ్రీల వద్దా, కృత్రిమ చెమట చల్లీ మళ్లీ చూడండి; విడుదల వేగం మారితే ఆ సంగతి దాచకుండా రాయండి. గోళాలలో మిగిలిపోయిన డైక్లోరోమీథేన్‌ను కూడా కొలవండి, దానికి అంతర్జాతీయ పరిమితి 600 పీపీఎం, అంటే పది లక్షల భాగాలలో 600; ఆ అంకె ఉన్న థీసిస్ నా చేతికి ఇంతవరకు రాలేదు.

గైడ్లకు కూడా ఒక విన్నపం. ఇందుకు మూడు నెలల సమయం అదనంగా పడుతుంది. గోళాలు చేయడానికి కేటాయించిన నెలల్లోంచే ఆ సమయం తీసి ఇవ్వండి.