గాలి 2.2, పరుగు 19.84

స్టూడియో చర్చ, అక్టోబర్ 2025. టోక్యో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు ముగిసిన కొద్ది వారాలకు రికార్డు చేసినది. పాల్గొన్నవారు: ఒక క్రీడా విలేఖరి, స్కూలు పిల్లలకు పరుగు నేర్పే కోచ్, కొత్తగా వలస వచ్చిన కుటుంబాలతో పనిచేసే సామాజిక కార్యకర్త.

వ్యాఖ్యాత: నమస్కారం. ఇవాళ ఒక పదిహేడేళ్ల కుర్రాడి గురించి మాట్లాడుకుందాం. ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఇప్స్‌విచ్ వాడు. పేరు గౌట్ గౌట్. సరిగ్గానే పలికానా?

విలేఖరి: మీరు సరిగ్గానే పలికారు, రాసినవాళ్లే తప్పు రాశారంటారు. అసలు పేరు గ్వోట్ అని, అరబిక్ నుంచి ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు అక్షరాలు తారుమారయ్యాయని వాళ్ల నాన్న బోనా చెప్పారు. పైగా ఆ స్పెల్లింగ్ ఇంగ్లీషులో ఒక కీళ్ల జబ్బు పేరు. ఏ తండ్రికి నచ్చుతుంది? చివరికి మేనేజరు, అలవాటైన పేరే ఉంచుతున్నామని తేల్చేశారు.

కార్యకర్త: మీరు నవ్వుతూ చెప్పారు కానీ, మా ఆఫీసులో ఇది రోజూ జరిగేదే. ఇంటిపేరు వేరుగా లేకపోతే ఉన్న పేరునే రెండుసార్లు రాసేస్తారు. పుట్టినతేదీ తెలియకపోతే జనవరి 1. ఒకే కుటుంబంలో నలుగురికీ జనవరి 1 పుట్టినరోజున్న ఫైళ్లు నేను చూశాను.

వ్యాఖ్యాత: సరే, పరుగు దగ్గరకొద్దాం. ఈ అబ్బాయి పేరు ఒక్కసారిగా మోగిపోయింది ఎప్పుడు?

విలేఖరి: 2024 ఆగస్టులోనే కొంత వినబడింది. పెరూలోని లిమాలో అండర్-20 ప్రపంచ పోటీల్లో 200 మీటర్ల రజతం, 20.60 సెకన్లు. తనకంటే పెద్ద పిల్లల మధ్య, పదహారేళ్లకు. కానీ దేశం తలతిప్పి చూసింది డిసెంబర్ 7న. బ్రిస్బేన్‌లో జాతీయ స్కూళ్ల పోటీలు, 200 మీటర్ల ఫైనల్, 20.04. దాంతో పీటర్ నార్మన్ పేరిట ఉన్న 20.06 పోయింది. అది 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో వచ్చిన టైమింగ్. 56 ఏళ్లు నిలిచింది. ఒక స్కూలు పిల్లాడు, స్కూలు పోటీలో, సీనియర్ జాతీయ రికార్డు కొట్టాడు!

కోచ్: ఇంకోటి కలపాలి. మెక్సికో సిటీ ఉన్నది 2,240 మీటర్ల ఎత్తున. అక్కడ గాలి పలచన, స్ప్రింటర్‌కు అడ్డు తక్కువ. బ్రిస్బేన్ సముద్రం పక్కన. కాబట్టి తేడా 0.02 అని చూడకండి, అంతకంటే ఎక్కువే.

వ్యాఖ్యాత: మీరు ఆ వీడియో చూసి ఏమనుకున్నారు?

కోచ్: మొదటి ముప్పై మీటర్లు చూసి పెదవి విరిచాను. బ్లాకుల నుంచి, అంటే పరుగు మొదట్లో కాళ్లు ఆనించే దిమ్మెల నుంచి, లేవడం అంత గొప్పగా లేదు. పొడుగు కాళ్ల వాళ్లందరికీ ఉండే బాధే. మడతపెట్టిన కాళ్లు విప్పుకునేసరికి పొట్టివాడు ఒక అడుగు ముందుంటాడు. వంపు దాటి నిటారు దారిలోకి వచ్చాక చూడాలి ఇతన్ని. జనం "చివర్లో వేగం పెంచాడు" అంటారు. ఎవరూ పెంచరండీ. 200లో చివరి అరవై, డెబ్భై మీటర్లు ప్రతివాడూ వేగం కోల్పోతూనే ఉంటాడు. తక్కువ కోల్పోయినవాడు మనకు దూసుకుపోతున్నట్టు కనిపిస్తాడు. ఈ కుర్రాడి మడమ నేలను తాకదు, భుజాలు బిగుసుకోవు, దవడ వదులుగా ఉంటుంది. అలసటలో దవడ వదులుగా ఉంచడం నేర్పడానికి నాకు ఒక్కో పిల్లాడితో రెండేళ్లు పడుతుంది.

వ్యాఖ్యాత: అది పుట్టుకతో వచ్చిందంటారా? ఆఫ్రికా మూలాలు, జన్యువులు...

కోచ్: ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. దక్షిణ సూడాన్ మూలాలున్న ఆస్ట్రేలియన్ల పేరు ఇంతకుముందు ట్రాక్ మీద మోగింది 800 మీటర్లలో. పీటర్ బోల్ టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. దక్షిణ సూడాన్‌కు ప్రపంచంలో పేరు తెచ్చింది బాస్కెట్‌బాల్. ఈ అబ్బాయి రాకముందు "వాళ్లు 200 మీటర్లకు పుట్టారు" అన్నవాళ్లు నాకైతే తగల్లేదు. గెలిచాక జన్యువులు గుర్తొస్తాయి. డయాన్ షెపర్డ్ అనే కోచ్ ఇప్స్‌విచ్ గ్రామర్ స్కూల్లో ఏళ్ల తరబడి పొద్దున్నే వచ్చి నిలబడింది, ఆవిడ సంగతి మాత్రం గుర్తురాదు.

కార్యకర్త: నేను కొంచెం వెనక్కి తీసుకెళ్తాను. తల్లిదండ్రులు బోనా, మోనికా ఈజిప్టు మీదుగా 2005లో ఆస్ట్రేలియా చేరారు. అప్పటికి దక్షిణ సూడాన్ అనే దేశం లేదు, అది 2011లో ఏర్పడింది. 2007 అక్టోబర్‌లో అప్పటి వలస వ్యవహారాల మంత్రి కెవిన్ ఆండ్రూస్, సూడాన్ నుంచి వచ్చినవాళ్లను ఉద్దేశించి, కొన్ని సమూహాలు ఇక్కడి జీవితానికి అనుకున్నంత త్వరగా సర్దుకోవడం లేదన్నారు. ఆఫ్రికా శరణార్థుల సంఖ్య తగ్గించడానికి చూపిన కారణాల్లో అదొకటి. ఈ పిల్లాడు పుట్టింది అదే ఏడాది డిసెంబర్ 29న.

విలేఖరి: మేడం, అది పద్దెనిమిదేళ్ల కిందటి మాట...

కార్యకర్త: 2018 జనవరి కూడా పాతదేనా? హోం వ్యవహారాల మంత్రి పీటర్ డటన్, ఆఫ్రికన్ ముఠాలకు భయపడి మెల్‌బోర్న్ జనం రాత్రిపూట రెస్టారెంట్లకు వెళ్లడం లేదన్నారు. అప్పుడు ఈ అబ్బాయికి పదేళ్లు. టీవీ చూసే వయసే.

విలేఖరి: కాదనను. కానీ నేను చూసినంతవరకు ఆ కుర్రాడు ఎక్కడా ఆ మాట ఎత్తలేదు. అతను ఎత్తని బరువు మనం ఎత్తి అతని నెత్తిన పెట్టడం న్యాయమా? పరిగెత్తనిద్దాం.

కార్యకర్త: అతను మాట్లాడాలని నేనూ అనడం లేదు. కానీ మీరే అన్నారు, చెరిగిపోయింది నార్మన్ రికార్డు అని. నార్మన్ ఎవరు?

విలేఖరి: (నవ్వు) దొరికిపోయాను. చెప్తాను. 1968లో స్వర్ణం టామీ స్మిత్‌ది, కాంస్యం జాన్ కార్లోస్‌ది. ఇద్దరు నల్లజాతి అమెరికన్లు నల్ల గ్లౌజులతో పిడికిలి ఎత్తారు కదా, ఆ ఫొటోలో రెండో మెట్టు మీద నిలబడ్డ తెల్లాయనే నార్మన్. పిడికిలి ఎత్తలేదు కానీ, మానవ హక్కుల బ్యాడ్జి ఛాతీకి పెట్టుకున్నాడు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కు ఆయన్ని పంపలేదు. కారణం ఆ బ్యాడ్జేనా కాదా అన్నది ఇప్పటికీ తెగని వాదన. 2006లో ఆయన పోతే శవపేటికను మోసినవాళ్లలో స్మిత్, కార్లోస్ ఉన్నారు. 2012లో ఆస్ట్రేలియా పార్లమెంటు ఆయనకు క్షమాపణ చెప్పింది. చనిపోయిన ఆరేళ్లకు.

కోచ్: ఆ రికార్డు ఈ పిల్లాడి చేతిలో పోయిందని తెలిస్తే నార్మన్ నొచ్చుకునేవాడు కాదనుకుంటా.

వ్యాఖ్యాత: 2025కి వద్దాం. పెర్త్‌లో 19.84 పరిగెత్తాడు, లెక్కలోకి రాలేదన్నారు. ఎందుకు?

కోచ్: వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2.0 మీటర్లు దాటితే టైమింగ్ రికార్డుకు పనికిరాదు. 200లో రన్నర్లు నిటారు దారిలోకి వచ్చినప్పటి నుంచి పది సెకన్లు కొలుస్తారు. ఏప్రిల్‌లో పెర్త్‌లో అది 2.2. అంతే తేడా! అవే పోటీల్లో 100 మీటర్లు రెండుసార్లు 9.99 పరిగెత్తాడు, రెండింటికీ గాలి ఎక్కువే. గాలివాటు గెలుపని కొందరు వెక్కిరించారు. నేను ఒప్పుకోను. పక్క లేన్ల వాళ్లకూ అదే గాలి, వాళ్లెవరూ 19.84 పరిగెత్తలేదే. జూన్‌లో చెక్ రిపబ్లిక్‌లోని ఓస్ట్రావాలో గాలి నిబంధన లోపలే ఉంది, 20.02తో తన రికార్డు తనే సవరించుకున్నాడు.

వ్యాఖ్యాత: ఉసేన్ బోల్ట్ కూడా మెచ్చుకున్నాడు కదా, చిన్నప్పటి నాలా ఉన్నాడని.

కోచ్: మెచ్చుకున్నాడు, సంతోషం. పదహారేళ్లకు బోల్ట్ 20.13, ఇతను 20.04. పత్రికలకు అక్కడితో కథ సరిపోయింది. ఆ తర్వాత బోల్ట్‌కు ఏమైందో కూడా రాయాలి. 2004లో పదిహేడేళ్లకే 19.93 పరిగెత్తాడు. అదే ఏడాది తొడ కండరం పట్టేసింది, ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మొదటి రౌండ్లోనే ఇంటికి. ప్రపంచ రికార్డులకు ఇంకో నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లు మనం ఈ పిల్లాడికి ఇస్తామా?

విలేఖరి: మాలో చాలామంది ఇవ్వలేదు. నాతో సహా. టోక్యో ప్రపంచ పోటీలకు ముందు నేను "పతకం వేటలో" అని శీర్షిక పెట్టాను. తొలి రౌండ్ హీట్స్‌లో 20.23, సెమీస్‌లో 20.36, నాలుగో స్థానం, ఫైనల్‌కు రాలేదు. గెలిచిన నోవా లైల్స్ టైమింగ్ 19.52. మధ్యలో ఎంత దూరం ఉందో ముందే నాకు తెలుసు. తెలిసీ పెట్టాను.

కోచ్: 12వ తరగతి పిల్లాడు ప్రపంచ పోటీల సెమీఫైనల్ పరిగెత్తాడు. అది పెట్టాల్సింది.

కార్యకర్త: నా బాధ ఇంకోటి. ఆ ఇంట్లో ఏడుగురు పిల్లలు, ఇతను మూడోవాడు. మిగతా ఆరుగురూ 20.04 పరిగెత్తరు. నా దగ్గరకు వచ్చే తల్లులు అడిగేదీ అదే. ఒకావిడ ఈమధ్య అంది, మావాడికి పరుగు రాదమ్మా, లెక్కలూ అంతంతమాత్రమే, వాణ్ణి కూడా మీవాడే అంటారా అని. నా దగ్గర జవాబు లేక ఫారం నింపడంలో పడ్డాను.

(కొద్ది క్షణాల నిశ్శబ్దం)

వ్యాఖ్యాత: ...కోచ్ గారూ, చివరి ప్రశ్న. 2032 ఒలింపిక్స్ బ్రిస్బేన్‌లోనే. ఇంటి నుంచి గంటలోపు దారి. అప్పటికి ఇతనికి 24 ఏళ్లు. ఇప్పట్నుంచి అప్పటివరకు ఏం చేయాలి?

కోచ్: ముందు బ్లాకులు. మొదటి ముప్పై మీటర్లు. 2032 సంగతి 2031లో అడగండి.