వంటగది తలుపు తెరిచి ఉంచండి
(వృద్ధుల వసతి గృహంలో కొత్త భోజనశాల ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, కమిటీ పెద్దలకు, ఈ హాలు కట్టడానికి డబ్బిచ్చిన దాతలకు, ఇటుకలు మోసిన కూలీలకు, పొద్దున్నుంచీ పొయ్యి దగ్గరే ఉండి ఇంకా ఇటువైపు రాలేకపోయిన వంటవాళ్లకు, అందరికంటే ముఖ్యంగా ఇకపై రోజూ ఇక్కడ కూర్చుని తినబోయే పెద్దలకు నమస్కారం. అందరి పేర్లూ చదవమని నా చేతికి ఒక చీటీ ఇచ్చారు. అవన్నీ చదువుతూ కూర్చుంటే భోజనాల వేళ దాటిపోతుంది. మీలో చాలామందికి మాత్రలు వేసుకునే టైము కూడా అదే. మన్నించండి.

ముసలితనంలో ఎంత తినాలి, ఏం తినాలి అనే విషయం మీద మాట్లాడమన్నారు. కొంత చెబుతాను. కానీ ఇందాక హాలంతా తిప్పి చూపిస్తుంటే వంటగది తలుపు మీద ఒక బోర్డు కనిపించింది. ఇక్కడ ఉండేవాళ్లెవరూ లోపలికి రాకూడదని ఉంది దాని మీద. నా మనసు అక్కడే ఆగిపోయింది.

ముందు ముక్కు సంగతి చెబుతాను. రుచి అని మనం అనుకునే దాంట్లో చాలా భాగం వాసనే. జలుబు చేసినప్పుడు ఏం తిన్నా చప్పగా ఉండేది అందుకే. మనం చూసేది, వినేది మెదడులో థాలమస్ అనే చోట ఆగి ముందుకు పోతాయి. వాసన అలా ఆగదు. భయం, సంతోషం, ఇష్టం లాంటివాటితో పని ఉన్న అమిగ్డలా దగ్గరికి నేరుగా చేరుతుంది. జ్ఞాపకాలను కూర్చే హిప్పోక్యాంపస్ ఆ పక్కనే ఉంది. ముక్కు వాసనను ఎలా పసిగడుతుందో కనిపెట్టినందుకే లిండా బక్, రిచర్డ్ యాక్సెల్‌లకు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎక్కడి నుంచో వంట వాసన వస్తే, అది ఏమిటో పోల్చుకోకముందే ఇంటి మీద బెంగ పుట్టుకొస్తుంది. మీకూ అనుభవమే.

అయితే వయసు మీద పడేకొద్దీ ఆ ముక్కే మొద్దుబారుతుంది. కొన్ని మాత్రలు నాలుకను కూడా చెడగొడతాయి. ఎంత బాగా వండినా ఒకప్పటి రుచి తెలియదు. మరి అప్పుడు మనిషికి అన్నం మీద ఇష్టం ఎలా నిలుస్తుంది? ఎవరి పక్కన కూర్చుని తింటున్నాం, ఎవరు వడ్డిస్తున్నారు, మనం ఎవరికి వడ్డిస్తున్నాం అన్నదాన్ని బట్టి నిలుస్తుందని నేను నమ్ముతాను. ఇది మా పెద్దమ్మ దగ్గర నేర్చుకున్నాను.

మా పెద్దమ్మ చివరి రోజుల్లో ఇలాంటి ఒక గృహంలోనే ఉంది. శుభ్రంగా ఉండేది. వేళకు భోజనం గదికే వచ్చేది. మంచం పక్కన స్టూలు మీద కంచం పెట్టి వెళ్లేవారు, కాసేపటికి వచ్చి తీసుకెళ్లేవారు. సగం అలాగే ఉండేది. ఆకలి తగ్గిందని రాసుకున్నారు, టానిక్ పట్టించారు. నేను వెళ్లినప్పుడల్లా ఆమె అడిగేది ఒకటే: "నువ్వు తిన్నావురా?" తినలేదంటే ఆమె చేతిలో పెట్టడానికి ఏమీ లేదు. ఆ మొహం చూడలేక తినకపోయినా తిన్నాననేవాణ్ణి. బతుకంతా ఎవరు వచ్చినా ముందు కంచం పెట్టిన మనిషి ఆమె.

ఒకరోజు అక్కడ వంటమనిషికి ఒంట్లో బాగాలేదు. చేతికింద ఉండే అమ్మాయి ఒక్కతే కంగారు పడుతుంటే పెద్దమ్మ వెళ్లి కుర్చీ వేసుకుని కూరగాయలు తరిగింది. ఉప్పు చూసి చెప్పింది. ఆ మధ్యాహ్నం పక్క గది ఆవిడ కంచంలో తన చేత్తో కూర వేసి, తర్వాత తనూ కూర్చుని మొత్తం తినింది. ఆ అమ్మాయే నాకు ఫోన్ చేసి చెప్పింది, ఏదో పండగ కబురు చెప్పినట్టు. వారం తిరగకుండా మేనేజర్‌కు తెలిసి తలుపుకు గడియ వేయించారు. రూల్ అన్నారు. జారి పడితే ఎవరిది బాధ్యత అన్నారు. పెద్దమ్మ మళ్లీ స్టూలు మీది కంచానికే వచ్చింది. పోయేదాకా అంతే. ఆ గడియ మీద నాకున్న కోపం ఇన్నేళ్లయినా తగ్గలేదు.

ఇది ఒక్క మా పెద్దమ్మ సంగతే అని ఎవరైనా అనవచ్చు. నెదర్లాండ్స్‌లో ఐదు వృద్ధాశ్రమాల్లో 178 మంది పెద్దలతో ఆరు నెలల పాటు ఒక పరిశీలన జరిగింది. 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దాని ఫలితాలు వచ్చాయి. కొందరికి ఎప్పటిలాగే ముందే వడ్డించిన ట్రేలు ఇచ్చారు. మిగతావాళ్లకు బల్ల మీద గుడ్డ పరిచి, గిన్నెలు మధ్యలో పెట్టి, కావలసింది వాళ్లనే ఎంచుకోనిచ్చారు. సిబ్బంది కూడా వచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు. తినే వేళలో మందులు పంచడం ఆపేశారు. ట్రేలు అందుకున్నవాళ్ల పరిస్థితి ఆ ఆరు నెలల్లో దిగజారింది. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు నిలదొక్కుకున్నారు. బరువులో రెండు వర్గాలకూ సుమారు ఒకటిన్నర కిలోల తేడా వచ్చింది. తినడానికి కూర్చునే పద్ధతి మారేసరికి ఒంటికి ఇంత మేలు జరిగింది. ఇందాక మాత్రల టైము అన్నాను చూడండి, కమిటీవారు దాని మీద కూడా ఆలోచించాలి. భోజనం మధ్యలో మాత్రల డబ్బా పట్టుకుని వస్తే అది మళ్లీ ఆసుపత్రి వార్డే అవుతుంది.

తిండి, ఇల్లు రెండూ మనిషి హక్కులని 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 25వ అధికరణం చెబుతోంది. మన గృహాలు ఆ రెండూ ఇస్తున్నాయి, కాదనను. కానీ ఇంట్లో ఉన్నామని మనిషికి ఎప్పుడు అనిపిస్తుంది? అడగకుండా గిన్నె మూత తీసి చూడగలిగినప్పుడు. వచ్చినవాళ్లను "ఉండు, తిని వెళ్దువు గాని" అనగలిగినప్పుడు. ఆ మాట అనే అధికారం తీసేస్తే, ఎంత మంచి గదిలో ఉంచినా ఆ మనిషి అతిథిగానే మిగిలిపోతుంది. ఏళ్ల తరబడి అతిథిగా ఉండటం ఎంత అలసటో ముందు వరుసలో కూర్చున్నవాళ్లకు తెలుసు. అవునా కాదా, మీరే చెప్పండమ్మా. చేతులు ఎత్తుతున్నారు, కమిటీవారు చూడాలి.

కమిటీవారి భయం నాకు తెలియనిది కాదు. మంట ఉంటుంది, వేడి నూనె ఉంటుంది, తడి నేల ఉంటుంది. పెద్దల ఎముకలు విరిగితే తొందరగా అతుక్కోవు. పెద్ద పొయ్యిల దగ్గరికి ఎవరినీ పంపమని నేను అనడం లేదు. పొయ్యిలకు దూరంగా, వంటగదిలోనే, కూర్చుని పనిచేసే ఎత్తులో ఒక బల్ల వేయించండి. కాయలు ఒలిచేవాళ్లు ఒలుస్తారు, తరిగేవాళ్లు తరుగుతారు, ఏమీ చేయలేనివాళ్లు కబుర్లు చెబుతూ ఉప్పు చూస్తారు. జారని నేల వేయించండి, గోడకు పట్టుకునే కమ్మీలు పెట్టించండి. ఈ హాల్లో గిన్నెలు బల్లల మీదికే రానివ్వండి. చూడటానికి వచ్చిన మనవడికో, స్నేహితురాలికో ఒక కంచం అదనంగా పెట్టే వీలు కల్పించండి. దానికి ముందుగా చీటీ రాసివ్వాలి, సంతకం కావాలి అనే షరతులు వద్దు.

ఇష్టం లేనివాళ్లను లాక్కురావద్దు కూడా. జన్మంతా వంట చేసి విసిగిపోయినవాళ్లు మీలో ఉంటారు. వాళ్లు హాయిగా కూర్చుని తినాలి, అది వాళ్లిష్టం. ఎన్నడూ గరిటె పట్టని మగవాళ్లకు ఇప్పుడు నేర్చుకోవాలని ఉంటే వాళ్లనూ రానివ్వండి.

దాతలలో ఎవరో రెండో అంతస్తుకు పాలరాయి వేయిస్తామన్నారని విన్నాను. అయ్యా, ఆ డబ్బుతో ముందు ఆ బల్ల, ఆ కమ్మీలు చేయించండి. కార్యదర్శిగారూ, వచ్చే సమావేశంలో ఈ విషయం మొదటి అంశంగా పెట్టండి, పెద్దల్లో నుంచి ఇద్దరిని ఆ సమావేశానికి పిలవండి. తలుపు మీది బోర్డు విషయానికి సమావేశం దాకా ఆగక్కర్లేదు, ఇవాళే తీయించవచ్చు. సెలవు.